ఆంజి ఊదిన స్వరం

పట్టి ఉంచాల్సింది ఒక్క స్వరం. ఒక్కటంటే ఒక్కటే. దాని కోసం సైలస్ డ్యూటీ దిగగానే క్యాంప్ ఆఫీసు వెనక స్టోరు గదిలో దూరి, తలుపేసుకొని, హెల్మెట్ల అట్టపెట్టెల మధ్య నిలబడి గోడకేసి ఊదుతున్నాడు. బయట బస్సుల హారన్లు, మెస్సులో గిన్నెల చప్పుడు, లోపల ఈయన గారి ఊదుడు. దోహా అవతలి ఈ ఫ్యాక్టరీల ఊరు మెసయీద్ మొత్తంలో ఇంత పనికిమాలిన పని పెట్టుకున్న మనిషి ఇంకొకడు ఉండడని ఆయన భార్య జాయ్స్ చాలాసార్లు అంది.

ఊదేది రికార్డర్. రికార్డరంటే మాటలు పట్టే యంత్రం కాదు, నోటికి నిలువుగా పెట్టుకొని ఊదే చెక్క పిల్లనగ్రోవి. నరసాపురం మిషను హాస్టల్లో చేతికొచ్చినప్పటి నుంచీ సైలస్‌కి అదో పిచ్చి. శుక్రవారం సాయంత్రం దోహాలో, చర్చి కాంప్లెక్సులోని ఒక హాల్లో కచేరీ. మూడొందల ఏళ్ళ కిందట యూరప్‌లో ఎవరో రాసిన కన్సర్టో: మధ్యలో ఒక రికార్డరు, చుట్టూ వయొలిన్లు, పెద్ద వయొలిన్ లాంటి చెల్లో ఒకటి. మొదటి భాగం వడిగా పోతుంది, చివరి భాగం ఇంకా వడిగా. ఆ రెండూ ఆయనకి వేళ్ళ మీదే ఉన్నాయి. చిక్కంతా నడిమి భాగంతోనే. అక్కడ వయొలిన్లు మెల్లగా ఒకే లయలో కదులుతూ ఉంటాయి. వాటి మీదికి రికార్డరు ఒక్క స్వరంతో వచ్చి, ఆ స్వరాన్ని కదపకుండా, ఊపిరి తెగకుండా చాలాసేపు నిలబెట్టాలి. గాలి ఎక్కువైతే శ్రుతి పైకి పోతుంది, తగ్గితే కిందికి జారుతుంది. ఇంకే వాద్యమూ అడ్డం రాదు, దాక్కోవడానికి చోటుండదు. చెల్లో వాయించే మాగ్దా గారు ఈ చిన్న మేళానికి పెద్ద. పోయిన వారం రిహార్సల్లో ఆవిడ కళ్ళజోడు పైనుంచి చూసి, "సైలస్, అది స్వరం కాదు, నీ లోపలి ఫోటో. అందరికీ కనపడిపోతుంది" అంది.

ఎవరో తలుపు తట్టారు. సైలస్ విసుక్కుంటూ గడియ తీశాడు.

ఎదురుగా ఆంజి. ఫర్నేసు లోపల పేర్చే ఇటుకలు కోసే మనిషి, రాయచోటి వైపు వాడు. ద్వారబంధం నిండా భుజాలే. జుట్టు, కనుబొమ్మలు, చెవుల అంచులు అన్నీ బూడిద రంగులో ఉన్నాయి.

"సార్, పొద్దన్న ఫూక్ టెస్టులో పోయినా."

ఏడాదికోసారి చేసే ఊపిరి పరీక్షకి క్యాంపులో ఆ పేరు. ముక్కుకి క్లిప్పు పెట్టి, అట్ట గొట్టం నోట్లో పెట్టి, ఉన్న గాలంతా ఒక్క దెబ్బతో ఊదెయ్యమంటారు. ఎంత ఊదాడో, ఎంత వేగంగా ఊదాడో మిషను చెబుతుంది.

"తెలుసు. క్లినిక్ నుంచి సౌభాగ్యమ్మ గారు ఫోన్ చేశారు. బుధవారం మళ్ళీ పిలుస్తారు లే, కంగారు పడకు."

"బుధవారం గూడా పోతే?"

సైలస్ రికార్డరు మూతి గుడ్డతో తుడుచుకున్నాడు. ఏమవుతుందో ఆంజి కంటే ఆయనకే బాగా తెలుసు. మెడికల్‌కి బస్సు ఎక్కించేదీ, ఆ తర్వాత టిక్కెట్టు తీయించేదీ ఆయనే. అన్‌ఫిట్ అయినవాడికి ఈ కంపెనీలో మందు ఉండదు, టిక్కెట్టే ఉంటుంది. ఖలాస్.

"పంపిచ్చేస్తారు, అంతే గదా సార్" అన్నాడు ఆంజి. "నేను పోతా. శివకుమారి ఈడనే ఉండిపోతాది. ఆ యమ్మ ఉమ్ సలాల్‌లో ఇంటిపనికి వచ్చి ఇన్నేండ్లాయ. ఒక దేశంలోనన్నా ఉందామని గదా నేను ఎనకాల్నే వచ్చింది. వాళ్ళ మేడమ్ వదిలిన శుక్రారం మొగం చూసుకుంటాండాం. అదీ లేకపోతే ఇంగేముంది సార్ నాకు?"

దగ్గొచ్చింది. మోచేతిలో మొహం దాచుకొని దగ్గాడు. అయ్యాక, ఎవరికో క్షమాపణ చెబుతున్నట్టు నవ్వాడు.

"మీరు ఊదుతారు గదా సార్. రోజూ ఇంటాండా. అంత ఊపిరి యాడ పెట్టుకుంటారో గానీ! నాకూ నేర్పీండి."

సైలస్ నవ్వేశాడు. "ఇది వేరయ్యా, అది వేరు. అక్కడ బలం చూపించాలి. ఇక్కడ బలం చూపిస్తే కొంప మునుగుతుంది."

"ఊదేది ఊదేదే గదా సార్."

ఇక్కడ ఒక మాట చెప్పాలి. సైలస్ చెడ్డవాడు కాదు. కానీ పొగడ్త వింటే చెవులు నిక్కబొడుచుకుంటాయి. చర్చిలో ఎవరు కనపడినా, "ఏవండీ, ఇంకా ఆ పిల్లల పీపీ వదల్లేదా?" అనేవాళ్ళే. ఆ పీపీ నాకూ నేర్పండి అని వచ్చిన మొదటి మనిషి ఆంజి. పైగా ఆ మధ్యాహ్నమే మేనేజరు క్యాబిన్‌కి పిలిచి, "షట్‌డౌన్ వస్తోంది సైలస్, ఫర్నేసులన్నీ ఆపి ఇటుకలు మార్చాలి, కోసేవాళ్ళలో ఒక్కడు తగ్గినా నా ప్రాణం పోతుంది. ఏం చేస్తావో నాకు తెలీదు, పాస్ చేయించు. యల్లా, త్వరగా కానియ్" అన్నాడు. మేనేజరు అడిగిందీ, ఆంజి అడిగిందీ, తన మనసు అడిగిందీ ఒకటే అయ్యేసరికి, ఇంత మంచిపని ఇంకేముంటుంది అనిపించింది సైలస్‌కి. సండే స్కూలు పిల్లల కోసం కొన్న ప్లాస్టిక్ రికార్డరొకటి బీరువాలోంచి తీసి ఆంజి చేతిలో పెట్టాడు.

"రేపు డ్యూటీ దిగి రా."

మర్నాడు ఆంజి రాలేదు. సైలసే షెడ్డుకి వెళ్ళాడు. ఆకాశం పొద్దుటి నుంచీ మట్టి రంగులో ఉంది, గాలిలో దుమ్ము లేచి సూర్యుడు కనపడటం లేదు. దూరంగా ప్లాంటు పొగగొట్టం మీద మంట ఒక్కటే స్పష్టంగా ఉంది. షెడ్డులోకి అడుగుపెట్టాక బయటి ఆకాశమే నయమనిపించింది. ఆ రకం ఇటుకకి నీళ్ళు తగిలితే పాడైపోతుంది, అందుకని పొడిగానే కోస్తారు. దుమ్ము లాగే పైపు ఎప్పుడో ఊడిపోయి గోడ పక్కన పడి ఉంది. రిపేరు మనిషి వస్తాడని చెబుతూనే ఉన్నారు.

ఆంజి మిషను దగ్గర వంగి ఉన్నాడు. మూతికి మాస్కు, మాస్కు మీద తడిపిన తుండుగుడ్డ. ఇటుకని రెండు చేతులతో బ్లేడు కిందికి నెడుతున్నాడు. బ్లేడు ఇటుకలోకి దిగుతున్నంతసేపూ అతని రొమ్ము కదల్లేదు. మెడ దగ్గర మాత్రం చిన్న చిన్న కదలికలు. ముక్క తెగి కిందపడగానే మొహం పక్కకి తిప్పి ఒక గుక్క తీసుకొని, మళ్ళీ వంగాడు. పక్క మిషను మీద ఉన్నవాడూ అంతే. వాడి పక్కవాడూ అంతే.

"అదేంటి, అలా పీలుస్తారు?" అని అడిగాడు సైలస్, బయటికొచ్చాక.

"చిన్నప్ప మామ నేర్పిచ్చినాడు సార్. మా కంటే ముందు మిషను మీద ఉన్యాడు లే. బ్లేడు ఆడేటప్పుడు పైపైన పీల్చండ్రా, లోపలికి రానీయాకండి అనేటోడు. మొదట్లో తల తిరుగుతాది. రాన్రాను అదే అలవాటైపోతాది."

"ఇప్పుడెక్కడున్నాడు?"

"పోయినేడు ఇంటికి పోయినాడు." ఆంజి తుండుగుడ్డ విప్పి దులిపాడు. "ఫోన్ చేస్తే వాళ్ళ కొడుకు ఎత్తుతాడు. మామ మాట్లాడలేడంట."

సైలస్ ఆ మాట విన్నాడు. విని, పాఠం సంగతే ఆలోచించాడు. 'అదన్నమాట రోగం. పైపైన పీల్చి పీల్చి వీడు లోపలి దాకా పీల్చడమే మర్చిపోయాడు. అది సరిచేస్తే పాసే' అనుకొని, పెద్ద గుట్టు కనిపెట్టినట్టు చకచకా స్టోరు గదికి నడిచాడు. ఆంజి వెనకాలే వచ్చాడు.

పాఠం మొదలైంది. సైలస్‌కి నేర్పడమంటే ఎంత ఇష్టమో ఆ గంటలో బయటపడింది.

"ముందు ఖాళీ చెయ్యి. పాతగాలి పోతేనే కొత్తగాలికి చోటు. ఊదెయ్, ఊదెయ్, ఇంకా ఉంది, ఊదెయ్. ఆఁ. ఇప్పుడు నోరు మూసుకొని ఒళ్ళు వదులు చెయ్యి, గాలి అదే లోపలికి వస్తుంది. భుజాలు ఎత్తకయ్యా! నువ్వేమన్నా సిమెంటు బస్తా లేపుతున్నావా? ఇక్కడ, బొడ్డు దగ్గర నింపు. తర్వాత వీపు. వీపులోకి కూడా గాలి పోతుంది, చెయ్యి పెట్టి చూడు."

తన వీపు మీద ఆంజి అరచెయ్యి పెట్టించుకొని ఊపిరి తీశాడు. ఆంజి కళ్ళు పెద్దవయ్యాయి.

"అబ్బో! ఈడ గూడా ఉబ్బుతాంది సార్."

"మరేమనుకున్నావ్."

ఆంజి ప్లాస్టిక్ రికార్డరు నోట్లో పెట్టుకున్నాడు. మొదట కీచుమంది. ఇద్దరూ నవ్వుకున్నారు. తర్వాత కొంచెం దారికొచ్చింది. ఇటుకలు కోసి కోసి మొద్దుబారిన వేళ్ళు రంధ్రాల మీద సరిగా ఆనడం లేదు. సైలస్ ఒక్కో వేలూ పట్టుకొని అమర్చాడు. ఒక్క స్వరం చాలు, పాటలేం అక్కర్లేదన్నాడు. తను శుక్రవారం పట్టాల్సిన స్వరమే అది.

మంగళవారం రిహార్సలు ఉండటంతో జాయ్స్ కూడా స్టోరు గదికొచ్చి అట్టపెట్టె మీద కూచుంది. కచేరీలో హార్ప్సికార్డు అనే పాతకాలపు పియానో నాదాన్ని కీబోర్డు మీద పలికించేది ఆవిడే. ఆంజి ఆవిడ ముందు కాస్త సిగ్గుపడి, తర్వాత కళ్ళు మూసుకొని, ఖాళీ చేసుకొని, నింపుకొని, ఊదాడు. స్వరం చక్కగా లేచింది. గుండ్రంగా ఉంది. సైలస్ మురిసిపోతూ వేలితో గాలిలో గీత గీస్తున్నాడు. గీత ఇంకా సగంలో ఉండగానే స్వరం వంగిపోయింది. తెగలేదు, వణకలేదు. ఒరిగిపోతున్న గోడలాగా మెల్లగా కిందికి దిగిపోయింది. ఆ దిగడంలో లోపల సన్నగా ఇంకేదో శబ్దం.

"బాగా ఊదినానా సార్?"

"బాగా ఊదావు. రోజూ సాధన చేస్తే అదే నిలబడుతుంది."

ఆంజి వెళ్ళాక జాయ్స్ లేవలేదు. "విన్నారా?" అంది.

"ఏం?"

"ఏవండీ, నా దగ్గర నటించకండి. శ్రుతి ఎలా దిగిపోయిందో వినలేదూ? అంత మనిషి. కొత్తవాళ్ళకి గాలి అయిపోతే టక్కున ఆగిపోతుంది, ఇలా దిగిపోదు."

"దుమ్ములో పనిచేసి వచ్చాడు. అలిసిపోయాడు."

"ఒకసారి ఛాతీ ఎక్స్‌రే ఫోటో తీయించమని సౌభాగ్యమ్మ గారికి చెప్పకూడదూ?"

"ఫోటో తీస్తే ఏం కనపడుతుందో! కనపడితే వాడిని విమానం ఎక్కిస్తారు. పెళ్ళాం ఇక్కడ, వాడక్కడ. అది నా చేత్తో నేను చెయ్యనా?" సైలస్‌కి కోపం వచ్చింది. తన చెవికీ వినపడినదాన్నే ఆవిడ పైకి చెప్పినందుకు వచ్చిన కోపం అది. రికార్డరు రెండు ముక్కలుగా విప్పి, లోపలి తేమ గుడ్డతో తుడిచి, పెట్టెలో పెట్టి, "పద, ఆలస్యమైపోతోంది" అన్నాడు.

బుధవారం క్లినిక్‌లో సౌభాగ్యమ్మ ఆంజి ముక్కుకి క్లిప్పు పెట్టింది. బందరు మనిషి, చర్చి క్వాయర్‌లో పెద్ద గొంతు. సైలస్‌ని తమ్ముడూ అని పిలుస్తుంది. 

"ఊఁ, తీసుకో నాయనా. తీసుకున్నావా? ఊదు! ఊదు ఊదు ఊదు, ఆపకు, ఇంకా, ఇంకా!"

ఆంజి ముందు మొత్తం ఖాళీ చేసుకున్నాడు. భుజాలు ఎత్తలేదు. బొడ్డు, వీపు. తర్వాత ఒక్క దెబ్బ. తెర మీద గీత ఎగిరి, వంపు తిరిగి, కిందికి వచ్చి ఆగింది. సౌభాగ్యమ్మ గీతకేసి, ఆంజికేసి చూసింది. మళ్ళీ ఊదించింది. ఇంకోసారి ఊదించింది.

"అంచు మీద ఉంది" అంది. "అయినా పాసే. ఆదివారం కంటే ఎంత నయమో! ఏం తిన్నావయ్యా ఈ రెండ్రోజులూ?"

"సార్ నేర్పిచ్చినాడమ్మా" అన్నాడు ఆంజి, క్లిప్పు తీసుకుంటూ. ముక్కు మీద ఎర్రటి గుర్తులు.

సౌభాగ్యమ్మ నవ్వింది, సైలస్ నవ్వాడు. బయటికి రాగానే ఆంజి ఆయన చేతులు రెండూ పట్టుకొని కళ్ళకద్దుకున్నాడు. "శుక్రారం కచేరీకి మేమిద్దరం వస్తాం సార్. శివకుమారి వాళ్ళ మేడమ్ ఒప్పుకున్నాది" అన్నాడు. మేనేజరు ఫోన్లో "మాఫీ ముష్కిల్, ఏ ఇబ్బందీ ఉండదని చెప్పానా?" అన్నాడు. సైలస్‌కి ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది, అదే ఆశ్చర్యం.

శుక్రవారం సైలస్ కారులోనే ఆంజి దోహా బయల్దేరాడు. తలకి నూనె రాసుకున్నాడు, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. చొక్కా జేబులోంచి ప్లాస్టిక్ రికార్డరు తొంగిచూస్తోంది. వెనక సీట్లో కూచొని రోడ్డు పక్కన మట్టి రంగు ఆకాశాన్ని చూస్తూ, ఉండీ ఉండీ దగ్గుతున్నాడు.

"దగ్గు ఎక్కువైంది ఆంజీ" అంది జాయ్స్, వెనక్కి తిరిగి.

"ఎక్కువేం కాదమ్మా. ప్రాక్టీసు." సరదాగా అన్నాడు. "ఇంగ ఆ పైపైన పీల్చేది ఇడ్సిపెట్టినా సార్. షెడ్డులో గూడా మీరు చెప్పినట్లే పీలుస్తాండా. బ్లేడు ఆడేటప్పుడు గూడా కడుపు నిండా, ఈపు దాంకా. వచ్చే ఏడు ఫూక్ టెస్టుకు ఒక దెబ్బకు పాసవుతా సూడండి. మిగతా పిల్లోళ్ళకు గూడా నేర్పిస్తాండా."

జాయ్స్ ముందుకు తిరిగి, ఒళ్ళో ఉన్న పర్సుని రెండు చేతులతో పట్టుకుంది. ఏదో అనాలని సైలస్‌కి తెలుసు. 'అలా పీల్చకు' అనాలి. అంటే 'ఎందుకు' అంటాడు. రోడ్డు మీద లారీలు వరసగా పోతున్నాయి. "షెడ్డులో వద్దు ఆంజీ" అని మాత్రం అనగలిగాడు. ఆంజి దగ్గుతూ ఉన్నాడు, వినపడలేదు.

హాలు నిండింది. మాగ్దా గారు చెల్లో మోకాళ్ళ మధ్యకి తీసుకొని తలూపింది. మొదటి భాగం సైలస్ వేళ్ళు వాటంతట అవే వాయించాయి. ఆయన కళ్ళు మాత్రం వెనక వరసలోనే ఉన్నాయి. గోడ పక్కన ఆంజి, అతని పక్కన నల్ల చున్నీ కప్పుకున్న సన్నటి మనిషి. శివకుమారి అన్నమాట.

నడిమి భాగం వచ్చింది. వయొలిన్లు మెల్లగా మొదలయ్యాయి. జాయ్స్ కీబోర్డు మీద ఒక్కో వేలూ దించుతోంది. సైలస్ ఖాళీ చేసుకున్నాడు. నింపుకున్నాడు. ఇంతలో వెనక నుంచి దగ్గు, చేతిలో నొక్కేసిన దగ్గు. ఆయన ఊదాడు.

ఇన్నాళ్ళూ రాని స్వరం ఆ సాయంత్రం వచ్చింది. పైకి పోలేదు, కిందికి జారలేదు. హాల్లో పిల్లలు కూడా కదలడం లేదు. ఆ స్వరం మీదుగా సైలస్ ఆంజినే చూస్తున్నాడు. ఆంజి కళ్ళు మూసుకొని, ఒక చెయ్యి బొడ్డు మీద పెట్టుకొని, తనతో పాటు ఊపిరి పట్టాడు. పాఠంలో కూచున్నట్టే కూచున్నాడు. పెదవులు గుండ్రంగా చుట్టి, లేని రికార్డరు ఊదుతున్నాడు. సైలస్ స్వరం ఇంకా సగం కూడా కాలేదు. ఆంజి తల వంగిపోయింది. నోరు తెరిచి గాలి కోసం ఎగపీల్చాడు, మళ్ళీ మొదలుపెట్టాడు, మళ్ళీ వంగిపోయాడు. సైలస్ స్వరం ఇంకా నడుస్తూనే ఉంది. శివకుమారి వేదికకేసి ఒక్కసారి కూడా చూడలేదు. ఆమె మొగుడి వీపునే చూస్తోంది.

చప్పట్లు చాలాసేపు మోగాయి. మాగ్దా గారు ఆయన్ని కౌగలించుకొని, "ఆ స్వరం! ఎక్కణ్ణించి తెచ్చావది?" అంది. సైలస్ చేతిలోంచి రికార్డరు జాయ్స్ తీసుకొని పెట్టెలో పెట్టింది.

వరండాలో టీ, సమోసాలు. ఆంజి టీ తేవడానికి వెళ్ళినప్పుడు శివకుమారి దగ్గరికొచ్చింది.

"అన్నా, మీరేనా మా ఆయనకు నేర్పిచ్చింది?"

"అవునమ్మా."

"మంచిగ నేర్పిచ్చినారంట. ఫోన్లో ఒకటే సంబరం." ఆమె గొంతు తగ్గించింది. "నేను ఇంగోరకంగా మొక్కుకుంటి అన్నా. ఫెయిల్ కావల్ల, ఫెయిల్ కావల్ల అని ఆ దినమంతా గిన్నెలు తోముతా అదే అనుకుంటి. ఫెయిలైతే పంపిచ్చేస్తారు. ఇంటికి పోతే పానంతో ఉంటాడు గదా. నేను ఈడ ఎట్లనో ఒకట్ల ఉంటా. ఫోన్ చేస్తే మాట కంటే దగ్గే ఎక్కువ ఇంటాండా అన్నా నేను."

"నాకు ముందే ఒక్క మాట చెప్పి ఉంటే..." అన్నాడు సైలస్.

"ఎట్ల చెప్పేది? నా కోసరమే పాస్ కావల్లంటాండె. వద్దని యా నోటితో చెప్పేది?"

అవతల గుంజ దగ్గర సౌభాగ్యమ్మ ఎవరితోనో మాట్లాడుతోంది. సైలస్ ఆవిడకేసి చూశాడు. ఇవాళ ఊరుకుంటే ఆదివారం ఆంజి షెడ్డులో వీపు దాకా పీలుస్తాడు. వాడి పక్కవాడూ పీలుస్తాడు. సైలస్ వెళ్ళి, "అక్కా, ఒక్క నిమిషం ఇటు రండి" అని పిలుచుకొచ్చాడు. అప్పుడే ఆంజి రెండు చేతుల్లో టీ కప్పులతో వచ్చాడు.

"ఆంజీ, అక్క ముందు ఒకసారి ఊదు. మనం నేర్చుకున్నదే."

ఆంజి మొహం వెలిగింది. కప్పులు కిటికీ గూట్లో పెట్టి, చేతులు చొక్కాకి తుడుచుకొని, జేబులోంచి ప్లాస్టిక్ రికార్డరు తీశాడు. పెళ్ళాం కేసి ఒకసారి చూశాడు. చుట్టుపక్కల వాళ్ళు మాటలాపారు. వేళ్ళు ఒక్కొక్కటే అమర్చుకొని, ఖాళీ చేసుకొని, నింపుకొని, ఊదాడు.

స్వరం బాగుంది. నిజంగానే బాగుంది. చెయ్యి తిరిగినవాడి స్వరంలా తిన్నగా లేచింది. లేచి, అలాగే వంగింది. మెల్లగా దిగిపోతూ, దిగిపోతూ, లోపల ఆ సన్నటి శబ్దంతో అడుగంటింది. మాగ్దా గారు చప్పట్లు కొట్టింది. పిల్లలూ కొట్టారు. సౌభాగ్యమ్మ కొట్టలేదు. ముప్ఫయ్యేళ్ళ క్వాయర్ చెవి అది. ఆవిడ దగ్గరికొచ్చి, అడగకుండానే ఆంజి వీపు మీద అరచెయ్యి ఆనించి, "ఊపిరి తీసుకో నాయనా" అంది. తీసుకున్నాడు. "వదులు." వదిలాడు. చెయ్యి తియ్యలేదు.

"తమ్ముడూ, ఇది నీకు బుధవారం నాటికే తెలుసా?" అంది.

"తెలుసక్కా. మంగళవారమే విన్నాను."

"విని?"

సైలస్ తల వంచుకున్నాడు. ఆవిడ ఇంకేం తిట్టలేదు, ఆ కళ్ళు చాలు. ఆంజి వైపు తిరిగి, "ఆదివారం నువ్వు షెడ్డుకి పోకు. సరాసరి నా దగ్గరికి రా. ఛాతీ ఫోటో తీయిద్దాం. డాక్టరుతో నేను మాట్లాడతాను" అంది.

"ఫోటో యందుకమ్మా? పాసైనా గదా."

ఆంజి సైలస్‌కేసి చూశాడు. ఇంకా నవ్వు పూర్తిగా పోలేదు మొహం మీంచి. "సార్, చెప్పండి. పాసైనా గదా."

"పాసైంది నువ్వు కాదు ఆంజీ. నేను." అన్నాడు సైలస్. "నా ఊపిరి నీ నోట్లో పెట్టి ఊదించాను. నీ సొంత ఊపిరి బాగాలేదు. మంగళవారమే తెలుసు నాకు. చెప్పలేదు."

"బాగా ఊదినావంటిరే."

"అన్నాను."

"నన్ను పంపిచ్చేస్తారు సార్."

"ముందు మందు ఇప్పించాలని నేను అడుగుతాను. ఆ పైపు బాగుచేసేదాకా షెడ్డు మూయమని అడుగుతాను. ఎవడు నేర్పాడంటే నేనే నేర్పానని చెబుతాను. ఆ తర్వాత నా టిక్కెట్టు కూడా తీస్తారేమో, తియ్యనీ."

"మీ టిక్కెట్టు తీస్తే నాకేమొస్తాది?" అన్నాడు ఆంజి. గొంతు పెంచలేదు. జాయ్స్ మొగుడి పక్కకి వచ్చి నిలబడింది, అంతే.

ఆంజి ప్లాస్టిక్ రికార్డరు మూతి చొక్కా అంచుతో శుభ్రంగా తుడిచి, సైలస్ ముందుకు చాపాడు. "తీసుకోండి. ఇది మీది."

సైలస్ చెయ్యి చాపలేకపోయాడు. శివకుమారి చాపింది. మొగుడి చేతిలోంచి రికార్డరు తీసుకొని, చున్నీ కొంగులో చుట్టి, తన బ్యాగులో పెట్టుకుంది.

"ఇంటి కాడ ఊదుకుందువు లే" అంది.

"ఎవురికి ఇనిపించల్లనో!"

"నాకు. ఫోన్లో. దగ్గు కాకండా ఇదన్నా ఇంటా నేను."

ఆంజి గోడకి ఆనుకున్నాడు. కిటికీ గూట్లో టీ కప్పులు అలాగే ఉన్నాయి. అలవాటుగా ముందు మొత్తం ఖాళీ చేసుకున్నాడు. భుజాలు ఎత్తలేదు. బొడ్డు దగ్గర నింపడం మొదలుపెట్టాడు. వీపు దాకా రాకముందే దగ్గొచ్చింది. శివకుమారి బ్యాగు జిప్పు లాగి, వచ్చి అతని వీపు నిమరసాగింది.